సంతకము చేసిన చేయి



భయముచేత నీవెన్నడైనను ఒక కాగితముమీద సంతకము చేసితివా? సంతకము రానియెడల వేలిముద్ర వేసితివా? అందులో వ్రాసియున్నది నిజము కాదని యెరిగియు, ఎదుట కూర్చున్నవారి ముఖములు చూచి చేయి చాపితివా? ఆ రాత్రి ఇంటికి వచ్చి, తలుపు వేసికొని, మోకరించి, కన్నీళ్లతో ప్రభువును క్షమాపణ వేడుకొని, నెమ్మది దొరికినదనుకొని పండుకొంటివా?

అట్లయిన ఈ నెల నా మాటలు నీకొరకే. నాకొరకును.

మనుష్యులయెదుట చేసిన తప్పును దేవునియెదుట మాత్రమే ఒప్పుకొనిన చాలునా? ఇదియే మన ప్రశ్న. దేవుడు క్షమించిన తరువాత మరల మనుష్యుల సంగతి యెందుకని మనలో అనేకులు అనుకొందురు. నేనును చాలకాలము అట్లే అనుకొంటిని. దూరదేశములో ఒక పాత దేవాలయమునందు ఒక రాతి స్తంభము నన్ను ఆ తలంపునుండి కదిలించెను. ఆ సంగతి నీకు చెప్పనిమ్ము.

ఇంగ్లండు దేశములో లండను నగరమునకు సుమారు 90 కిలోమీటర్ల దూరమున ఆక్స్‌ఫర్డ్ అను పట్టణము గలదు. అది చదువుల పట్టణము. అచ్చటి విశ్వవిద్యాలయము ఎనిమిది వందల యేండ్లకు పైబడినది. ఆ దేశపు సంఘమొకటి నన్ను పిలిచినందున కొన్ని యేండ్లక్రిందట నేను వెళ్లితిని; ఒక దినము ఆ పట్టణము చూచుట తటస్థించెను. హై స్ట్రీట్ అను పెద్ద వీధిలో, కన్యయైన పరిశుద్ధ మరియ పేరిట కట్టబడిన విశ్వవిద్యాలయ దేవాలయమున్నది. దాని గోపురము 13వ శతాబ్దమునాటిది. గోపురముమీది కోసైన శిఖరము 14వ శతాబ్దపు ఆరంభమున లేచినది. జనులు కూర్చుండు మందిరభాగము 15వ శతాబ్దపు చివర తిరిగి కట్టబడినది. రుసుము చెల్లించి 127 మెట్లెక్కినవారికి పైనుండి పట్టణమంతయు కనబడును.

గోథిక్ అను పద్ధతిలో ఆ దేవాలయము కట్టిరి. ఆ మాట విని బెదరవద్దు. నీవు ప్రార్థనకు రెండు చేతులు జోడించి వ్రేళ్ల కొనలు పైకి తాకించి చూడుము. ఆ పద్ధతిలోని కమానులు అట్లే యుండును. గుండ్రని కమానునకు బదులు కోసైన కమాను. లావైన గోడకు బదులు సన్నని స్తంభముల వరుస. వాటి నడుమ నిలువెత్తు కిటికీలు. వెలుగు పైనుండి దిగును, కన్ను క్రిందనుండి పైకి పోవును. అక్షరము రానివాడును లోపలికి వచ్చి తల పైకెత్తకుండ ఉండలేడు.

ఆ గోడలు చాల చూచినవి. విశ్వవిద్యాలయమునకు సొంత భవనములు లేని దినములలో దాని సభలు, విచారణలు, పట్టములిచ్చుట ఇచ్చటనే జరిగెను. 1744 ఆగస్టు 24న జాన్ వెస్లీ ఇచ్చటి ప్రసంగపీఠమెక్కి, విశ్వవిద్యాలయపు పెద్దలను వారి ముఖముననే గద్దించెను. మరల వారాయనను ప్రసంగమునకు పిలువలేదు. 1942లో, యుద్ధకాలమున, ఆకలితో చచ్చుచున్న గ్రీసు దేశస్థులకు ఆహారము పంపవలెనని కొందరు ఇచ్చటి పాత గ్రంథాలయపు గదిలో కూడిరి. ఆ కూడికనుండియే ఆక్స్‌ఫామ్ అను సహాయసంఘము పుట్టినది.

ఇవి వినుచు నేను మందిరములో నడచుచుండగా, ప్రసంగపీఠమునకు ఎదురుగా ఒక స్తంభము చూపిరి. దాని ప్రక్కన కొంత రాయి చెక్కివేయబడియున్నది. ఒక మనుష్యుని నిలువబెట్టుటకు వేదిక వేయుచు ఆ రాయి చెక్కిరని చెప్పుదురు. ఆ మనుష్యుడు తామస్ క్రాన్మర్.

అతడెవడు? 1533 మొదలుకొని కాంటర్‌బరీ ఆర్చిబిషపు. అనగా ఇంగ్లండు సంఘమంతటికి పెద్ద కాపరి. ఆ దేశపు జనులు తమ స్వభాషలో ఆరాధించునట్లు ప్రార్థనల గ్రంథమును సిద్ధపరచినవాడు. అది 1549లో మొదట అచ్చయ్యెను. 1552లో సవరింపబడి మరల వెలువడెను. నీవు మన తెలుగుదేశములో పూర్వము ఆంగ్లికన్ సంఘమునకు చెంది, 1947లో దక్షిణ ఇండియా సంఘములో చేరిన సంఘపు బిడ్డవైతే, నీ తాతముత్తాతలు ఆ గ్రంథపు తెలుగు అనువాదముతోనే ఆరాధించిరి. కాపరియు జనులును కలిసి మోకరించి ఒక్క కంఠముతో పాపము ఒప్పుకొను ఆ ప్రార్థన 1552 గ్రంథమునుండి వచ్చినది. పాపము ఎట్లు ఒప్పుకొనవలెనో మన పెద్దలకు మాటలు అందించిన చేయి క్రాన్మర్ చేయి.

1553లో మేరీ రాణి సింహాసనమెక్కెను. ఆమె పూర్వపు మతవిధానమును నిలుపదలచినది. క్రాన్మర్ బంధింపబడి ఆక్స్‌ఫర్డ్‌కు తేబడెను. 1555 సెప్టెంబరులో ఈ దేవాలయమునందే అతని విచారణ జరిగెను. అదే సంవత్సరము అక్టోబరు 16న అతని స్నేహితులైన లాటిమర్, రిడ్లీ అను ఇద్దరు బిషపులను పట్టణపు గోడ వెలుపల సజీవముగా కాల్చిరి. ఆ మరణమును క్రాన్మర్ కన్నులార చూచునట్లు చేసిరి.

ముసలివాడు, ఒంటరివాడు, చెరసాలలో ఉన్నవాడు. ఎదుట అగ్ని. 1556 ఆరంభమున అతని చేయి కలము పట్టెను. తాను బోధించినది తప్పని వ్రాసిన పత్రముమీద సంతకము చేసెను. అది చాలదనిరి, మరియొకటి చేసెను. అట్లు ఆరు పత్రములు. వాటిని అచ్చువేయించిరి. సంఘపు చట్టము ప్రకారము మొదటిసారి మనస్సు మార్చుకొనినవానిని కాల్చకూడదు. అయినను రాణియు ఆమె ఆలోచనకర్తలును అతనిని కాల్చవలెననియే నిశ్చయించిరి. చూచితివా, చదువరీ! ప్రాణము దక్కునని సంతకము చేసెను. సంతకము మిగిలెను, ప్రాణము దక్కలేదు. భయము తానిచ్చిన మాట నిలుపుకొనదు.

1556 మార్చి 21. ఆ దినము వాన. కాల్చు స్థలమునొద్ద జరుగవలసిన ప్రసంగమును వానవలన ఈ దేవాలయములోనికి మార్చిరి. క్రాన్మర్‌ను వేదికమీద నిలిపిరి. వయస్సు అరువదియారు. ప్రసంగము జరుగుచున్నంతసేపు అతడు ఏడ్చుచుండెను. తరువాత అతడు తన పత్రముల సారమునే జనులయెదుట మరల చెప్పునని అందరును ఎదురుచూచిరి. అతడు ప్రార్థించెను, జనులకు మంచి బుద్ధులు చెప్పెను. ఆపైన మాట మారెను. మరణభయముచేత, తన హృదయమునకు విరోధముగా తన చేయి వ్రాసినదంతయు వెనుకకు తీసికొనుచున్నానని చెప్పెను. హృదయమునకు విరోధముగా వ్రాసిన చేయి గనుక ఆ చేతికే మొదట శిక్ష కలుగునని చెప్పెను. మందిరములో కేకలు పుట్టెను. అతనిని క్రిందికి లాగి, వానలో, కొన్ని నిమిషముల దూరమున నున్న స్థలమునకు కొనిపోయిరి. మంట లేవగానే అతడు తన కుడిచేతిని మంటలోనికి చాపి అట్లే నిలిపెను. ఆ స్థలమున నేడు వీధినడుమ రాళ్లతో ఒక సిలువగుర్తు పరచియున్నది.

ఇక్కడ ఒకడు ఇట్లనవచ్చును: "అయ్యా, ఎట్లును చంపబడనున్నవాడు మాట మార్చిన అందులో ధైర్యమేమున్నది? ప్రాణముమీద ఆశ యున్నంతకాలము ఆరు సంతకములు చేసెను. ఆశ పోయిన తరువాత నిజము చెప్పెను." ఇది త్రోసివేయదగిన మాట కాదు. క్రాన్మర్ ధైర్యమును తూచుటకు నాయొద్ద త్రాసు లేదు. కాని నేను వేరొక సంగతి అడుగుచున్నాను. ఆ కడవరి ఘడియలో అతడు నోరు మూసికొనియుండిన ఏమి తక్కువ? రహస్యముగా దేవునితో "నేను అబద్ధమాడితిని" అని చెప్పుకొని చనిపోవచ్చును గదా? అతని ఆత్మకొరకు ఆ పట్టణమందలి దేవాలయములలో ఆరాధనలు జరిపింతుమని ప్రసంగీకుడు వాగ్దానము కూడ చేసెను. దేవుడు హృదయమునెరిగినవాడు. బిగ్గరగా చెప్పుట యెందుకు?

ఎందుకనగా ఆ పత్రములు దేవునియెదుట మాత్రమే లేవు. అవి అచ్చయి జనులయొద్దకు పోవుచున్నవి. ఆ రాణి దినములలో విశ్వాసము నిమిత్తము కాల్చబడినవారు సుమారు 280 మంది. వారిలో గొప్పవారు కొద్దిమంది. నేతపనివారు, కూలివారు, చేతిపనులవారు, స్త్రీలు అనేకులు. పెద్ద కాపరి బోధను నమ్మి వారు అగ్నిలోనికి పోయిరి. ఆ పెద్ద కాపరియే అది తప్పని సంతకము చేసెను. చచ్చినవారి చావును, చావబోవువారి ధైర్యమును అతని సంతకము గాయపరచెను. దేవుడు క్షమించుటవలన ఆ గాయము దానంతట అది మానదు. సంతకము ఎంతదూరము పోయెనో, పశ్చాత్తాపము అంతదూరము నడచిపోవలెను. ఆ వేదికమీద క్రాన్మర్ ఒక నేతపనివానికి బాకీ తీర్చుచుండెనని నేననుకొందును.

పేతురును జ్ఞాపకము చేసికొనుము. ప్రధానయాజకుని యింటిముంగిట బొగ్గుల మంటయొద్ద చలి కాచుకొనుచు, ఒక పనికత్తెకు భయపడి, ముమ్మారు తన ప్రభువును ఎరుగనని చెప్పెను. కోడి కూయగా వెలుపలికి పోయి ఏడ్చెను. ఆ కన్నీరు నిజమైనది. అయినను ప్రభువు దానితో విడిచిపెట్టలేదు. యోహాను సువార్త చివరి అధ్యాయము తెరిచి చూడుము: సముద్రతీరమున మరల బొగ్గుల మంట, చుట్టు తోటి శిష్యులు, ముమ్మారు ప్రశ్న, ముమ్మారు జవాబు. నలుగురిలో కాదన్నవానిని నలుగురిలోనే అవుననిపించెను. ఇది శిక్ష కాదు, వైద్యము. జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చిన దినమున అతడు చాటున గాక, నిలువబడి, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు ఇత్తునని చెప్పెను.

యూదాయు తన తప్పు ఒప్పుకొనెను గదా, ఆ వెండినాణెములు తిరిగి తెచ్చెను గదా అని నీవడుగుదువు. అవును, తెచ్చెను. కాని అతడు యాజకులయొద్దకు పోయెను గాని ప్రభువునొద్దకు రాలేదు. దేవుని విడిచి మనుష్యులయొద్దకు మాత్రమే పోయిన పశ్చాత్తాపము ఉరిత్రాటియొద్ద ముగిసెను. మనుష్యులను విడిచి దేవునియొద్దకు మాత్రమే పోవుదుననువాడు మంచముమీద సుఖముగా నిద్రపోవును. రెండును సగమే.

మరియొక మాట చెప్పవలెను. ఇది చెప్పుట సులభము కాదు. క్రాన్మర్ అధికారములో ఉన్న దినములలో జోన్ బోచర్ అను ఒక స్త్రీని విశ్వాసవిషయమై విచారించి దోషిగా తీర్చిన న్యాయసభలో తానును కూర్చుండెను. 1550లో ఆమెను కాల్చిరి. ఈ దేవాలయములో క్రాన్మర్ చెప్పిన కడవరి మాటలలో ఆమె పేరు కానరాదు. తన్ను సిగ్గుపరచిన సంతకము అతనికి జ్ఞాపకమున్నది. ఆ స్త్రీ సంగతి నోటికి రాలేదు. నేను అతనిని నిందించుటకు దీనిని వ్రాయుటలేదు. మనమును అంతే. మన గౌరవమునకు తగిలిన పాపము మనకు ముల్లువలె గుచ్చుకొనును. బీదవానికి తగిలిన పాపము మరచిపోవుదుము. ఆ మందిరమునందు ఇప్పుడొక రాతిపలక యున్నది. ఆ కలహకాలమున విశ్వాసము నిమిత్తము చంపబడినవారి పేర్లు దానిమీద చెక్కిరి. ప్రొటెస్టంటుల పేర్లు, రోమను కథోలికుల పేర్లు ఒకే రాతిమీద. ఒకరినొకరు చంపినవారి సంతానము ఆ రెండు జాబితాలను కలిపి చదువుటకు నాలుగు వందల యేండ్లకు పైగా పట్టెను.

చదువరీ, ఆ స్తంభమునొద్ద నా మోకాళ్లు వణకెను. ఏలయనగా నా చేయియు ఒకటి చేసియున్నది.

నేను యౌవనములో ఒక గ్రామమున కాపరిగా నుంటిని. మన విశ్వాసుల సమాధుల తోట పొలములకు ఆవల నుండెను. రెండు చేల నడుమ ఒక బండి పోవునంత వెడల్పున దానికి దారి. ఆ చేలు రెండును ఒక ఆసామి చేతికి వచ్చినవి. అతడు వాటిని కలిపి దున్నదలచెను. ఒక రాత్రి నన్ను పిలిపించిరి. కాగితము సిద్ధముగా నున్నది: అచ్చట ఎన్నడును దారి లేదు, మనవారు ఆసామి దయవలన నడచుచుండిరి, అంతే. దానిక్రింద మనవారివే ఆరు వేలిముద్రలు. నేను సంతకము చేయనియెడల సగము లేచిన మన గుడిగోడ ఆగిపోవుననిరి. మరికొన్ని మాటలు కూడ పలికిరి. నేను సంతకము చేసితిని. గుడికొరకే చేసితినని నాకు నేను చెప్పుకొంటిని. గుడి పూర్తియాయెను, ప్రతిష్ఠదినమున నాకు పూలదండ వేసిరి.

మరుసటి వానకాలమున సంఘములో ఒక ముసలి కూలివాడు ప్రభువునందు నిద్రించెను. దారి లేదు. నడుములోతు కాలువ నీటిలో శవమును మంచముమీద మోసికొనిపోయిరి. ముందు నేను, చేత బైబిలు నెత్తికెత్తుకొని. వెనుక అతని భార్య, తడిసిన చీరతో. ఆమె నన్నొక మాటయు అనలేదు. ఆ రాత్రి నేను ప్రభువుయెదుట ఏడ్చితిని, క్షమాపణ దొరికినదనుకొంటిని. తరువాత వేరొక ఊరికి బదిలీ అయితిని. చాల యేండ్లు గడచెను. ఎన్ని ఉజ్జీవకూటములలో పశ్చాత్తాపమునుగూర్చి ప్రసంగించితినో లెక్కలేదు.

ఆక్స్‌ఫర్డ్‌నుండి తిరిగి వచ్చినపిదప ఆ గ్రామమునకు పోతిని. ఆదివారపు ఆరాధనలో, నేను కట్టించిన ఆ గుడిలోనే, నిలువబడి సంగతి అంతయు చెప్పితిని. ఎవరును కదలలేదు. కడకు ఆ ముసలివాని భార్య, చూపు మందగించిన అవ్వ, కూర్చున్నచోటనుండి ఇట్లనెను: "మాకెప్పుడో తెలుసయ్యగారూ. మీరెప్పుడు చెప్తారా అని చూత్తన్నాం."

నేను దాచితిననుకొనినదానిని వారు ఇన్ని యేండ్లు మోసిరి. నేను వారి క్షమాపణ కొరకు కనిపెట్టలేదు. వారు నా ఒప్పుదల కొరకు కనిపెట్టిరి. మరునాడు సంఘపెద్దలతో కూడ రెవెన్యూ కార్యాలయమునకు పోయి, నా పూర్వపు సంతకము అబద్ధమని వ్రాసి, నా పేరు వ్రాసి ఇచ్చితిని. అర్జీ పుచ్చుకొని రసీదు ఇచ్చిరి. నీవడుగుదువు: దారి వచ్చెనా? ఇంకను రాలేదు. నిజము చెప్పినంతమాత్రమున చేలు చీలి దారి ఏర్పడునని నేను నీకు వాగ్దానము చేయజాలను. క్రాన్మర్ మాట మార్చినందున మంట ఆరిపోలేదు. కాని ఇప్పుడు దారికొరకు అర్జీ పెట్టువారి యెదుట వారి కాపరి సంతకము అడ్డుగా నిలువదు. అవ్వ పోవులోగా ఆ దారి తెరువబడవలెనని మేము ప్రార్థించుచు, కార్యాలయము చుట్టు తిరుగుచున్నాము.

కుడిచేయి అభ్యంతరపరచిన దాని నరికివేయుమని ప్రభువు కొండమీద చెప్పిన మాట నీకు తెలియును. పాపము చేతిలోనుండి కాదు, హృదయములోనుండి బయలుదేరునని ఆయనయే వేరొకచోట బోధించెను. కాబట్టి చేతిని నరికికొనవద్దు, చదువరీ, చేతిని పంపుము. అది ఎక్కడ వ్రాసెనో అక్కడికి మరల పంపుము. అన్న భాగమును నీ పేర వ్రాయించుకొంటివా? పోయి చెప్పుము. పంచాయతిలో బలవంతునికి భయపడి అబద్ధసాక్ష్యము పలికితివా? ఆ పంచాయతికే పొమ్ము. ఒక స్త్రీనిగూర్చి లేనిమాట పదిమందిలో పలికితివా? ఆ పదిమందిలోనే పలుకుము. ముందుగా తలుపు వేసికొని ప్రార్థించుము. ప్రార్థించిన తరువాత తలుపు తీయుము. ఆ గుమ్మము దాటనీయకుండ నిన్నాపునది సిగ్గు, దాటించువాడు ప్రభువు.

ప్రార్థన: ప్రభువైన యేసూ, నలుగురియెదుట మాకొరకు సిగ్గునొందినవాడా, మేము దాచినదానిని ఎరిగియు మమ్మును విడువనివాడా, నీ క్షమాపణ మాకు నిద్రమాత్ర కానీయకుము. మేము చేసిన సంతకములను మాకు జ్ఞాపకము చేయుము. మా గౌరవమునకు తగిలినవే గాక, బీదవారికి తగిలినవియు. తలుపు తీయుటకు మా చేతికి బలమిమ్ము. ఆమేన్.